2038ని కంపెనీల దయకు వదలొద్దు

కంప్యూటర్లు తేదీ తప్పే 2038 సమస్య గురించి ఎత్తితే చాలు, ఒకటే జవాబు వస్తుంది: ‘వైటూకే అప్పుడూ కొంప మునుగుతుందన్నారు, ఏమైంది? కంపెనీలే చూసుకున్నాయి. ఇదీ చూసుకుంటాయి.’ ఈ ధీమాకు ఆధారంగా చూపుతున్న చరిత్రే తప్పు.

2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పుతాయన్న ఆ వైటూకే గండం తనంతట తాను గడిచిపోలేదు. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాత కోబాల్ ప్రోగ్రాములను లైను లైనూ చదివి దిద్దినవాళ్లున్నారు. హైదరాబాద్ నుంచి అమెరికా విమానమెక్కిన మన తెలుగువాళ్లు వాళ్లలో ఎందరో. వాళ్లకు జీతాలిచ్చి ఆ పని చేయించక తప్పని పరిస్థితిని మాత్రం బయటివాళ్లు కల్పించారు. స్టాక్ మార్కెట్లో ఉన్న సంస్థలు తమ సన్నద్ధత ఎంతవరకు వచ్చిందో మదుపరులకు వెల్లడించాలని అమెరికా నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 1998లో స్పష్టం చేసింది. కోర్టు కేసుల భయం ఉంది. పత్రికలు వెంటపడ్డాయి.

ఆ కాపలా లేనప్పుడు ఏం జరుగుతుందో కూడా చూశాం. 2012 ఫిబ్రవరి 29న మైక్రోసాఫ్ట్ అజూర్ కుప్పకూలింది. ఏడాది చెల్లే సర్టిఫికెట్ తయారుచేసే కోడు, సంవత్సరానికి ఒకటి కలిపి ఊరుకుంది. 2013లో ఫిబ్రవరి 29 లేదన్న సంగతి చూడలేదు. పదేళ్లు తిరగకముందే, 2022 జనవరి 1న అదే కంపెనీ ఎక్స్ఛేంజ్ సర్వర్లలో మెయిళ్లు క్యూలో ఇరుక్కుపోయాయి. వైరస్ తనిఖీ ఫైలు వెర్షన్‌ను తేదీతో మొదలయ్యే సంఖ్యగా రాసేవారు: 2201010001. దాన్ని ఉంచిన 32 బిట్ల చోటులో పట్టేది 2147483647 వరకే. 21తో మొదలైనంత కాలం పట్టింది, 22 రాగానే పట్టలేదు. పలక మీద కూడికలు చేసే పిల్లవాడు కూడా ముందే చెప్పగల సంగతి ఇది. కంపెనీ స్క్రిప్టు విడుదల చేసింది. పండగ పూట దాన్ని సర్వర్ల మీద నడిపే భారం అడ్మిన్ల మీద పడింది.

2038 గండానికి మూలం కూడా సరిగ్గా ఆ 2147483647 అనే హద్దే. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల గడియారం 2038 జనవరి 19న, మన టైము ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతుంది. మరుసెకనులో 1901కి దూకుతుంది. ‘ఇప్పుడన్నీ 64 బిట్ల యంత్రాలేగా’ అనేవారికి నా జవాబు: యంత్రం మారినా అందులోని ఫైళ్లూ డేటాబేసులూ మారవు. మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ రకం నేటికీ ఆ క్షణం దగ్గరే ఆగుతుంది. లినక్స్ కెర్నెల్‌ను 2020లో సరిచేశారు, నిజమే. గోడకు బిగించిన పెట్టెలోకి ఆ కొత్త కెర్నెల్‌ను ఎవరు ఎక్కిస్తారు? అమ్మిన కంపెనీకి ఆ పాత సరుకు మీద పైసా రాదు. ఇంజినీర్లకు తెలియక కాదు. ఏ పని ముందు చేయాలో తేల్చేది వాళ్లు కారు.

ఈ రోజు కొంటున్న కరెంటు మీటరు, లిఫ్టు కంట్రోలర్, ఆస్పత్రి పరికరం 2038లోనూ పనిచేస్తూ ఉండవచ్చు. అందుకే ప్రభుత్వాలు ఇప్పటినుంచే ప్రతి టెండరులోనూ, తేదీని ముందుకు జరిపి బయటివారి చేత చేయించిన పరీక్ష ఫలితాన్ని అడగాలి. తేదీ వల్ల చెడితే బాగుచేసే ఖర్చు అమ్మినవారిదేనని ఒప్పందంలో రాయించాలి. అందుకు సంతకం పెట్టని కంపెనీ సరుకు ఎంత చవకైనా కొనకూడదు.