దత్తత ఫైలుకు గడువే ప్రాణం

శిశుగృహంలో ఫొటో ఆల్బమ్ తెరిచి, విదేశంలో ఉన్న కాబోయే అమ్మానాన్నలను వేలితో చూపించే పసిబిడ్డకు ‘ఫైలు పెండింగ్’ అంటే ఏం తెలుస్తుంది?

విదేశీ దత్తతలో తనిఖీ తప్పనిసరి. 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు కట్టుదిట్టమైన మార్గదర్శకాలు ఇచ్చింది అందుకే. తెలంగాణ తండాల నుంచి పసికందులను కొని దత్తత పేరుతో విదేశాలకు పంపారన్న ఆరోపణలు ఉమ్మడి రాష్ట్రాన్ని కుదిపేసిన సంగతి మరువలేం.

అయితే తనిఖీ వేరు, తాత్సారం వేరు. కోర్టుల్లో జాప్యాన్ని తగ్గించేందుకే 2021లో బాలల న్యాయ చట్టాన్ని సవరించి, దత్తత ఉత్తర్వులిచ్చే అధికారాన్ని జిల్లా మేజిస్ట్రేట్లకు, అంటే కలెక్టర్లకు, అప్పగించారు. 2022 సెప్టెంబరు 1 నుంచి అది అమల్లో ఉంది. చట్టం విధించిన గడువు రెండు నెలలు. ఆ ఉత్తర్వు వెలువడితేనే విదేశీ దత్తతలపై హేగ్ ఒప్పందం ప్రకారం కేంద్ర దత్తత వనరుల సంస్థ ‘కారా’ ఇచ్చే ధ్రువపత్రం, కొత్త తల్లిదండ్రుల పేర్లతో జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు, వీసా వరుసగా చేతికొస్తాయి. ఒక్క సంతకం ఆగితే అన్నీ ఆగిపోతాయి.

సమీక్షలు, సభలు, ఎన్నికల విధుల నడుమ కలెక్టర్లకు తీరిక తక్కువే. అయినా దత్తత విచారణకు వారంలో ఒక రోజు కేటాయించాలి. గడువు దాటిన ప్రతి ఫైలుకూ కారణం రాతపూర్వకంగా చెప్పాలి. బిడ్డ బాల్యాన్ని కాగితాల కింద కరిగించే హక్కు ఏ కార్యాలయానికీ లేదు.