టిక్కెట్టు కొన్న కుటుంబానికి జాతకమెందుకు?

భిలాయి, సెక్టర్ 6



సెలవు దినాన భార్యాబిడ్డలను, వృద్ధులైన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని వినోదోద్యానానికి వెళ్లే ఉద్యోగికి ఈనాడు ప్రవేశద్వారం వద్ద ఒక విచిత్రమైన విచారణ ఎదురవుతున్నది. టిక్కెట్టు డబ్బు చెల్లించినా చాలదట. ప్రతి ఒక్కరి ఆధార్ కార్డు చూపాలి, దాని ప్రతిని ఇవ్వాలి, ఫోను నెంబరు చెప్పాలి, కొన్నిచోట్ల కెమెరా ముందు ముఖం పెట్టాలి. వెంట ఉన్నవారు తనకు ఏమవుతారో కూడా చెప్పాలి. పోలీసు ఠాణాలో ముద్దాయిని అడిగే ప్రశ్నలు ఊయల ఎక్కడానికి వచ్చిన పిల్లల ముందు తండ్రిని అడుగుతున్నారు. ఇది చిన్న విషయమని కొట్టివేయరాదని మా అభిప్రాయం.

సెక్టర్ 6లో ఇటీవల జరిగిన మా శాఖా సమావేశంలో ఒక ఫిర్యాదు వచ్చింది. శ్రీకాకుళం జిల్లా నుండి ఇక్కడ బావమరిది క్వార్టరుకు వచ్చిన ఒక ట్రాక్‌మన్, అత్తగారితో సహా ఏడుగురిని తీసుకొని ఒక ప్రైవేటు వినోదోద్యానానికి వెళ్లాడు. ఏడు టిక్కెట్లు కొన్నాడు. అత్తగారి కార్డు ఊళ్లో ఉండిపోయింది. కార్డు లేదు గనుక ఆమెకు ప్రవేశం లేదన్నారు. టిక్కెట్టు డబ్బు తిరిగి ఇవ్వబోమనీ అన్నారు. డెబ్బయ్యేళ్లు దాటిన ఆ తల్లి సాయంత్రం దాకా గేటు బయట చెట్టు కింద కూర్చున్నది. ఆమె వల్ల ఆ ఉద్యానానికి వాటిల్లే ప్రమాదమేమిటో చెప్పగల అధికారి ఒక్కడూ లేడు.

భిలాయి నేర్పిన పాఠం

ఈ ఊరికి ఉద్యానవనాలు కొత్తవి కావు. 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందం మేరకు సోవియట్ సహకారంతో ఇక్కడ ఉక్కు కర్మాగారం లేచింది. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ నిర్మాణానికి తట్టలు మోసిన చేతులలో ఉత్తరాంధ్ర నుండి వలస వచ్చిన తెలుగు కూలీల చేతులూ ఉన్నాయి. వారి బిడ్డలు, మనుమలు ఈనాటికీ ఈ సెక్టర్లలో తెలుగు మాట్లాడుతున్నారు. పగలల్లా కొలిమి వేడిలో పనిచేసిన కార్మికుని కుటుంబానికి సాయంకాలం కాస్త పచ్చదనం, కాస్త నవ్వు అవసరమని ప్రభుత్వరంగం ఆనాడు గుర్తించింది. అందుకే 1972లో భారత-సోవియట్ స్నేహానికి చిహ్నంగా మైత్రీ బాగ్ వెలసింది. తెల్లపులులను, బొమ్మ రైలును చూడడానికి మూడు తరాల పిల్లలు అక్కడికి వెళ్లారు. కర్మాగారంలో ఇనుము ఎంత అవసరమో, దానిని కరిగించేవానికి విశ్రాంతి అంత అవసరమన్న భావన ఆ ఉద్యానానికి పునాది.

ఈ ఊరు మరొక పాఠమూ నేర్పింది. 1992 జూలై 1న భిలాయి పవర్‌హౌస్ స్టేషన్ వద్ద రైలు పట్టాలపై కూర్చున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. పదిహేనుమందికి పైగా నేలకొరిగారు. అంతకు తొమ్మిది నెలల ముందు, 1991 సెప్టెంబరు 28న, వారి నాయకుడు శంకర్ గుహా నియోగీని నిద్రలో ఉండగా కాల్చి చంపారు. ఆ కార్మికులు కోరినది బతకడానికి చాలిన వేతనం, తొలగించినవారికి తిరిగి పని, కాంట్రాక్టు పేరుతో సాగే దోపిడీకి ముగింపు. ఏళ్ల తరబడి అదే కర్మాగారంలో పనిచేసినా "ఇతడు మా కార్మికుడు" అని యాజమాన్యం ఒప్పుకోకపోవడమే ఆనాటి ఆవేదనకు మూలం.

పాఠకులు ఈ వైరుధ్యాన్ని గమనించాలి. కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద 1971లో చేసిన కేంద్ర నియమావళి 76వ నియమం ప్రకారం, పనిలో చేరిన మూడు రోజులలోగా ప్రతి కార్మికునికీ కాంట్రాక్టరు ఉద్యోగ కార్డు ఇవ్వవలసి ఉండేది. ఆ కార్డు కళ్లజూడకుండానే జీవితాలు గడిపినవారు ఎందరు! 2025 నవంబరు 21 నుండి అమలులోకి తెచ్చిన కార్మిక స్మృతులు కూడా ప్రతి కార్మికునికీ నియామక పత్రం ఇవ్వాలని ఘోషిస్తున్నాయి. కార్మికుడు హక్కుగా అడిగే చోట గుర్తింపు పత్రం ఇవ్వరు. అతడు డబ్బు పెట్టి వినోదం కొనుక్కునే చోట అదే గుర్తింపును గుచ్చి గుచ్చి అడుగుతారు. పెట్టుబడి నీతి ఇది.

భద్రత అనే ముసుగు

యాజమాన్యాల మొదటి సమాధానం "భద్రత". 2007 ఆగస్టు 25న హైదరాబాదు లుంబినీ పార్కులోను, కోఠీ గోకుల్ చాట్‌లోను బాంబులు పేలి 42 మంది మరణించిన ఘోరాన్ని మేము మరువలేదు. ఆ తరువాత సంచులు సోదా చేస్తే, లోహశోధక ద్వారాలు పెడితే ప్రజలు ఓర్పుతో సహకరించారు. మేమూ సమర్థించాము, ఇప్పుడూ సమర్థిస్తాము. అయితే సోదా చేయవలసినది సంచిని. బాంబుకు ఆధార్ నెంబరు ఉండదు. దానిని తెచ్చేవాడు కార్డు మరచిపోయి రాడు. కార్డు లేని అవ్వను ఆపి, కార్డు ఉన్నవాని సంచిని వదిలిపెట్టే కాపలాను ఏమనాలి?

అసలు ఉద్యానాలలో, క్రీడాకేంద్రాలలో పిల్లలను చంపుతున్నదేమిటి? 2024 మే 25న రాజ్‌కోట్‌లో ఒక గేమ్ జోన్ తగలబడి 27 మంది బలి అయ్యారు. వారిలో పసివారు ఉన్నారు. దేహాలు గుర్తుపట్టరాక డీఎన్‌ఏ పరీక్షలు చేయవలసి వచ్చింది. ఆ కేంద్రానికి అగ్నిమాపక శాఖ అనుమతి లేదు. అక్కడ చూపవలసిన పత్రాన్ని చూపనిది యజమాని. టిక్కెట్టు కొన్న తల్లిదండ్రులు కారు. కనుక గేటు వద్ద తనిఖీ జరగవలసిందే, కాని ముందుగా యజమానికి జరగాలి. అగ్నిమాపక అనుమతి ఏదీ? యంత్రాలను చివరిసారి పరీక్షించిన తేదీ ఏదీ? ఒకేసారి ఎంతమందిని లోపలికి పంపవచ్చు? తప్పించుకునే దారులు ఎన్ని? ఈ ప్రశ్నలు అడిగే హక్కు ప్రతి తండ్రికీ, ప్రతి తల్లికీ ఉన్నది.

వ్యాపారం, పెత్తనం

భద్రత ముసుగు తొలగిస్తే కనిపించేది వ్యాపారం. అమెరికాలో ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ ద్వారాల వద్ద సందర్శకుల వేలి కొనలను యంత్రంతో నమోదు చేస్తారు. 2016లో మూడేళ్లు నిండిన పిల్లలకు కూడా దానిని వర్తింపజేశారు. ఒకరి టిక్కెట్టును మరొకరు వాడుకోకుండా చూడడం దాని ప్రయోజనం. ఇష్టం లేనివారు ఫొటో గుర్తింపు చూపవచ్చునని అక్కడ వెసులుబాటైనా ఉన్నది. మన దేశంలో సేకరించిన ఫోను నెంబరు ఎవరి చేతికి పోతుందో, కార్డు ప్రతి ఏ అలమరలో మురుగుతుందో అడిగితే చెప్పే నాథుడు లేడు.

రెండవది పెత్తనం. 2021 ఆగస్టులో హైదరాబాదు ఇందిరా పార్కు వద్ద పెళ్లి కాని జంటలకు ప్రవేశం లేదని బోర్డు కట్టారు. ప్రజలు నిరసించిన మీదట దానిని తొలగించారు. "కుటుంబాలకు మాత్రమే" అన్న మాట ఎక్కడికి దారి తీస్తుందో ఆ బోర్డు చూపింది. కుటుంబమంటే ఏమిటో గేటు కాపలాదారు నిర్ణయిస్తాడా? విధవ అయిన అక్కను, ఆమె బిడ్డలను పోషించే తపాలా ఉద్యోగిది కుటుంబం కాదా? తండ్రి పేరు వేరైనా మేనమామ వేలు పట్టుకొని వచ్చిన పిల్లవానిది కుటుంబం కాదా?

చట్టం ఏమంటున్నది?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ప్రకటించింది. 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో, ఒప్పందం పేరుతో ప్రైవేటు సంస్థలు ఆధార్‌ను వాడుకొనే వీలు కల్పించిన 57వ సెక్షన్ భాగాన్ని కొట్టివేసింది. 2022 మే 27న ఆధార్ సంస్థ ప్రాంతీయ కార్యాలయం ఒకటి, అనుమతి లేని హోటళ్లు, సినిమా హాళ్లు కార్డు ప్రతులు తీసుకొనరాదని చక్కగా హెచ్చరించింది. రెండు రోజులు తిరగకుండానే, అపార్థాలకు తావిస్తుందంటూ ప్రభుత్వం ఆ హెచ్చరికను ఉపసంహరించుకున్నది! 2025 జనవరి 31న నియమాలు సవరించి, అనుమతి పొందిన ప్రైవేటు సంస్థలకు ఆధార్ ధ్రువీకరణ ద్వారాన్ని మళ్లీ తెరిచింది. ముందు తలుపు మూసి పెరటి తలుపు తీయడమంటే ఇదే.

2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటున్నది. ఆ సమ్మతి పేరు చెప్పి తల్లిదండ్రుల వివరాలన్నీ గుంజుకుంటే అది రక్షణ కాదు, కంచే చేను మేయడం. పిల్లల వివరాలు అసలు తీసుకొనకపోతే సమ్మతి అడిగే అవసరమే ఉండదు.

మన అనుభవం చాలదా?

రైల్వే, తపాలా ఉద్యోగులకు ఈ విషయంలో ఎవరూ పాఠాలు చెప్పనక్కరలేదు. కౌంటరులో కొన్న జనరల్ టిక్కెట్టు మీద పేరు ఉండదు. ప్లాట్‌ఫారం టిక్కెట్టు మీదా ఉండదు. ఆ పేరు లేని కాగితంతోనే ఈ దేశపు పేద ప్రజ కన్యాకుమారి నుండి కాశ్మీరం దాకా తిరుగుతున్నది. రిజర్వేషను బోగీలో గుర్తింపు అడుగుతాము, నిజమే. అక్కడ బెర్తు ఒక పేరు మీద ఉన్నది గనుక అడుగుతాము. అర టిక్కెట్టు పిల్లవాని వయసుపై అనుమానం వస్తే టీటీఈ రుజువు అడుగుతాడు. చూసి తిరిగి ఇస్తాడు. దాని ప్రతి తీసి ఇంటికి పట్టుకుపోడు. అవసరమైనంత అడగడం, చూసి వదలడం, ఇదీ పద్ధతి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం పద్ధతి కాదు.

"దాచుకోవడానికి ఏమీ లేనివారికి భయమెందుకు?" అని కొందరు పెద్దమనుషులు అడుగుతున్నారు. దీనికి మన పోస్టుమన్ జవాబు చెప్పగలడు. అతడు కార్డూ పంచుతాడు, కవరూ పంచుతాడు. కవరుకు జిగురు అంటించిన ప్రతివాడూ నేరస్థుడని అతడు అనుకోడు. కూతురికి తల్లి రాసిన నాలుగు ముక్కలు ఇతరులు చదవనక్కరలేదు, అంతే. కుటుంబం కూడా అటువంటి కవరే.

గేటు వద్ద కార్డులు అడిగే యువకుని మీద మన కోపం మళ్లరాదని కూడా హెచ్చరిస్తున్నాము. ఎండలో పన్నెండు గంటలు నిలబడే అతడు తరచుగా కాంట్రాక్టు కార్మికుడే. మన జాతకం అడగమని పంపిన యజమాని అతని చేతికి నియామక పత్రం ఇచ్చాడో లేదో అడగండి. అతడు మన ప్రత్యర్థి కాడు, మన సంఘంలో చేరవలసిన సోదరుడు.

మా డిమాండ్లు

1. టిక్కెట్టు కొన్న వ్యక్తికి, కుటుంబానికి టిక్కెట్టే ప్రవేశ పత్రం కావాలి. గుర్తింపు కార్డు లేదన్న కారణంతో ఎవరినీ ఆపరాదు. ఆపితే డబ్బు అక్కడికక్కడే తిరిగి చెల్లించాలి.

2. వృద్ధులకు, విద్యార్థులకు, ఉద్యోగులకు ఇచ్చే రాయితీకి రుజువును చూసి తిరిగి ఇవ్వాలి. ప్రతులు తీయరాదు. ఏ ఒక్క కార్డునూ తప్పనిసరి చేయరాదు.

3. పిల్లల ఫొటోలు, వేలిముద్రలు, ముఖచిత్రాలు సేకరించరాదు.

4. భద్రతా సోదా సంచులకు, వస్తువులకు పరిమితం కావాలి. స్త్రీలను సోదా చేయడానికి స్త్రీలనే నియమించాలి.

5. అగ్నిమాపక అనుమతి, యంత్రాల తనిఖీ తేదీ, గరిష్ఠ ప్రవేశ సంఖ్య టిక్కెట్టు కిటికీ పక్కనే ప్రజల భాషలో ప్రదర్శించాలి.

6. ఉద్యానాలలో పనిచేసే ప్రతి కార్మికునికీ నియామక పత్రం, చట్టబద్ధమైన వేతనం, వారపు సెలవు ఇవ్వాలి.

శాఖా కార్యదర్శులకు ఒక ప్రత్యేక విజ్ఞప్తి. విహారయాత్రలకు సామూహిక రాయితీ ఆశ చూపి కొన్ని యాజమాన్యాలు సభ్యుల పేర్లు, నెంబర్లతో జాబితాలు అడుగుతున్నాయి. సంఘం సభ్యత్వ పట్టిక సంఘం ఆస్తి. పది రూపాయల రాయితీకి దానిని పరాయి చేతిలో పెట్టకండి. ఎందరు వస్తున్నారో సంఖ్య చెప్పండి. అంతకు మించి ఒక్క అక్షరమూ ఇవ్వకండి. మీ సభ్యులకు గేటు వద్ద జరిగిన అవమానాలను తేదీ, టిక్కెట్టు నెంబరుతో సహా రాసి సమాఖ్య కార్యాలయానికి పంపండి. వాటిని కూర్చి జిల్లా అధికారులకు, వినియోగదారుల న్యాయస్థానాలకు తీసుకువెళ్దాము.

ఎనిమిది గంటల పనికోసం పోరాడిన మన పూర్వులు, మిగిలిన గంటలలో మనిషి మనిషిగా బతకాలని కోరారు. ఆ గంటలను తలవంచుకొని గడపడానికి మనం సిద్ధంగా లేము.

కార్మికుని విశ్రాంతి హక్కు వర్ధిల్లాలి!

ఉద్యోగుల ఐక్యత వర్ధిల్లాలి!