సీలు తెంపే ముందు



వరి కోతల కాలములో చాలామంది మమ్మల్ని అడిగే సంగతి ఒకటున్నది గనుక ఈ నెల మన శీర్షికలో దాని గురించి మాట్లాడుకుందాము. కోత మిషను ఇంజనుకు డీజిల్ అందించే పంపు, ఆ పంపు వెనుక భాగములో ఇమిడి ఉండే గవర్నరు, ఇదీ ఆ సంగతి. "అది మెకానిక్కుల పని, మాకెందుకు?" అని అక్కచెల్లెళ్ళు పేజీ తిప్పేయవద్దు. మిషనును అద్దెకు పిలిచి వడ్లు కోయించుకునే ప్రతి ఇంటికీ దీనితో పని ఉన్నది. ఈ మాట మేము ఇంకొకరి అనుభవము నుండి చెప్పడం లేదు. మా తప్పు నుండి మేము నేర్చుకున్నదే చెబుతున్నాము.

అది 2013 నవంబరు. మన పాల్వంచ అప్పటికింకా ఖమ్మం జిల్లాలోనే ఉన్నది. 22వ తేదీన హెలెన్ తుపాను మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. ఆ మబ్బులు పూర్తిగా విడిపోకముందే లెహర్ అనే మరొక తుపాను వస్తున్నదని వార్తలు. కిన్నెరసాని వైపు మేము ఎరిగిన ఒక ఊళ్ళో వరి పండి తలలు వాల్చి ఉన్నది. ఊరంతటికీ ఒకే కోత మిషను. దాని యజమాని మమ్మల్ని బాబాయ్ అని పిలిచే కుర్రవాడు. అప్పు చేసి కొన్న మిషను అది.

మొదటి రోజే చిక్కు వచ్చింది. ఒత్తు పైరులోకి దిగగానే ఇంజను గొంతు కుంగిపోతున్నది, డ్రమ్ములో గడ్డి ఇరుక్కుంటున్నది. దించి, తీసి, మళ్ళీ నడిపితే పది గజాలకు మళ్ళీ అదే వరస. గట్టు మీద నిలబడినవాళ్ళందరూ తలా ఒక సలహా చెప్పారు. "పంపు తక్కువ కొడుతుంది బాబాయ్, సీలు తెంపి స్క్రూ తిప్పుదామా?" అని ఆ కుర్రవాడు మమ్మల్ని అడిగాడు. తెలిసినట్టే తల ఊపి "తిప్పు నాయనా, వాన వచ్చేట్టున్నది" అన్నాము.

లివరును గరిష్ఠ వేగం దగ్గర ఆపే స్క్రూను అతడు ముందు తిప్పాడు. ఏ తేడా రాలేదు. తరువాత డీజిల్ కొలతను నిర్ణయించే స్క్రూను తిప్పాడు. ఇంజను నల్లటి పొగ కక్కుతూ కొంచెం లాగింది. పొగ చూసి మేము బలము అనుకున్నాము. మరునాడు పొద్దున డ్రైవరు క్యాబిన్ నుండి పంపుకు వచ్చే త్రాటిల్ తీగ వదులైనట్టు గమనించి బిగించాడు. ఇక ఇంజను హోరెత్తింది. అందరమూ సంతోషించాము. ఆ మధ్యాహ్నమే భర్త లేని ఒక తల్లి రెండెకరాలు కోశారు. వడ్లు పట్టా మీద పోశాక ఆమె ఒక పిడికెడు తీసి చూసుకున్నది. పొట్టు ఊడిన తెల్ల బియ్యము, విరిగిన నూకలు ఆ పిడికిట్లో సగం దాకా కనబడ్డవి. "ఏందయ్యా, నా వడ్లను మిషనే దంచిపెట్టిందా?" అన్నది. ఆమె కోపంగా అనలేదు. అందుకే ఆ మాట మాకు ఇప్పటికీ వినబడుతూ ఉంటుంది.

అసలు గవర్నరు చేసే పని ఏమిటి? పంపు ఇరుసుతోపాటు రెండు బరువులు గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. వేగం పెరిగితే ఆ బరువులు బయటికి విచ్చుకొని, డీజిల్ కొలతను మార్చే కడ్డీని తగ్గించే వైపుకు జరుపుతాయి. ఆ కడ్డీని మెకానిక్కులు ర్యాక్ అంటారు. లోడు పడి వేగం తగ్గితే బరువులు ముడుచుకుంటాయి, స్ప్రింగు ర్యాక్‌ను ఎక్కువ డీజిల్ వైపుకు లాగుతుంది. డ్రైవరు చేతిలోని లివరు నేరుగా డీజిల్‌ను పెంచదని గుర్తుంచుకోవాలి. అది ఆ స్ప్రింగు బిగువును మారుస్తుంది, అంతే. "ఈ వేగం మీద ఉండు" అని చెప్పడం లివరు పని. పైరు ఒత్తయినా పలుచనైనా ఆ వేగాన్ని నిలబెట్టడం గవర్నరు పని.

ఇది కొత్త సంగతి కాదు. పూర్వం గాలిమరల్లో తిరగలి రాళ్ళ మధ్య సందును సరిచేయడానికి ఇటువంటి బరువులనే వాడేవారు. 1788లో జేమ్స్ వాట్ దీనిని ఆవిరి యంత్రానికి అమర్చాడు. జర్మనీలో బాష్ కంపెనీ 1927లో డీజిల్ పంపులను పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. మన దేశంలో 1951లో ఏర్పడిన మైకో కంపెనీ పేరుతోనే మన మెకానిక్కులు "మైకో పంపు" అంటారు. 2008లో ఆ కంపెనీ పేరు బాష్ లిమిటెడ్‌గా మారినా ఆ పిలుపు పోలేదు. అంత దూరం ఎందుకు? మన పాల్వంచ థర్మల్ కేంద్రములో టర్బైన్లు నిమిషానికి 3000 చుట్లు తిరగాలి. అప్పుడే కరెంటు 50 సైకిళ్ళ మీద ఉంటుంది. సాయంత్రం ఇళ్ళలో దీపాలు వెలిగి లోడు పెరిగినప్పుడు ఆవిరిని పెంచి టర్బైను వేగాన్ని కాచేది కూడా గవర్నరే.

కోత మిషనుకు ఇది లారీకంటే ఎక్కువ అవసరము. లారీలో వేగం తగ్గితే ప్రయాణం ఆలస్యమవుతుంది. మిషనులో కోత కత్తి, నూర్చే డ్రమ్ము, గడ్డి దులిపే జల్లెడలు, తాలు ఎగరేసే ఫ్యాను, అన్నీ ఒకే ఇంజను మీద బెల్టులతో తిరుగుతాయి. వేగం తగ్గితే గింజ గడ్డిలోనే మిగిలిపోతుంది, డ్రమ్ము ఇరుక్కుంటుంది. వేగం మించితే గింజ విరుగుతుంది, ఫ్యాను మంచి గింజను కూడా ఎగరేస్తుంది.

మూడవ రోజు పట్టణము నుండి ఒక పెద్దాయన వచ్చాడు. పంపుల పనిలో తల నెరిసినవాడు. పెట్టె తెరవకుండానే డ్రైవరును క్యాబిన్‌లో కూర్చోబెట్టి "లివరు పూర్తిగా తొయ్యి తమ్ముడూ" అన్నాడు. తాను పంపు దగ్గర వంగి చూశాడు. తీగ వదులుగా ఉన్నంతకాలం పంపు మీది లివరు తన హద్దు స్క్రూను తాకనేలేదన్నమాట. అందుకే మొదటి రోజు ఆ స్క్రూను ఎంత తిప్పినా తేడా రాలేదు. మరునాడు తీగ బిగించగానే, మేము జరిపించిన హద్దు దాకా లివరు వెళ్ళిపోయింది. తరువాత ఆయన గాలి ఫిల్టరు విప్పి దులిపాడు. చారెడు పొట్టు, దుమ్ము రాలింది. ఒక కిలో డీజిల్ పూర్తిగా మండాలంటే కనీసం పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. గాలి దారి మూసుకున్న ఇంజనుకు డీజిల్ పెంచితే అది మండక నల్లని పొగగా పోతుంది. మండని డీజిల్ సిలిండరు గోడల మీది నూనెను కడిగేస్తుంది, కిందికి దిగి ఇంజనాయిలును పలుచన చేస్తుంది. వేగం సంగతీ అంతే. చుట్లు పది శాతం పెరిగితే కనెక్టింగ్ రాడ్డు మీద పడే గుంజుడు ఇరవై ఒక్క శాతం పెరుగుతుంది. హద్దు స్క్రూకు సీలు వేసేది ఇందుకే.

గనుక మిషను లాగనప్పుడు సీలు జోలికి పోకముందు ఈ వరుసలో చూడండి.

మొదట, లివరు పూర్తిగా తోసినప్పుడు పంపు మీది లివరు హద్దు స్క్రూను తాకుతున్నదా? ఒకరు పైన, ఒకరు కింద ఉంటే ఒక్క నిమిషములో తేలిపోతుంది.

రెండవది, గాలి ఫిల్టరు. కోతల్లో దీనిని ప్రతి రోజూ చూడాలి.

మూడవది, డీజిల్ ఫిల్టరు, ట్యాంకు మూతకుండే గాలి రంధ్రము, అడుగున చేరిన నీళ్ళు. పైపులో గాలి చేరితే ఇంజను వేగం పెరుగుతూ తగ్గుతూ ఊగులాడుతుంది. గాలి తీశాక కూడా ఊగులాట ఆగకపోతే ర్యాక్ పట్టేసి ఉండవచ్చు, గవర్నరు లోపలి భాగాలు అరిగి ఉండవచ్చు. ఈ ఊగులాట ఎందుకు పుడుతుందో 1868లోనే మాక్స్‌వెల్ అనే శాస్త్రజ్ఞుడు లెక్కగట్టి చూపాడు.

నాలుగవది, బెల్టులు. ఇంజను శబ్దం నిలకడగా ఉండి డ్రమ్ము మాత్రమే కుంగితే తప్పు పంపుది కాదు, బెల్టు జారుతున్నది.

అయిదవది, వేగం. క్యాబిన్ మీటరును నమ్మకుండా చేతి మీటరుతో కొలిపించండి. పూర్తి లోడు మీద 2200 చుట్లకు నిర్ణయించిన ఇంజను, లోడు లేనప్పుడు 2400 దగ్గర తిరగవచ్చు. ఇటువంటి గవర్నరుకు ఆ కొద్ది తేడా సహజము, అది జబ్బు కాదు.

ఇవన్నీ సరిగా ఉండి ఇంకా లాగకపోతే నాజిళ్ళు చూపించి, అప్పుడు పంపును విప్పించి టెస్టు బెంచీకి పంపాలి. విప్పేముందు టైమింగ్ గుర్తులు పెట్టించండి. పంపు మీది రేకు నంబరు, ఇంజను మోడలు రాసి ఇవ్వండి. బెంచీ మీద ఒక్కొక్క గొట్టము ఎంత డీజిల్ కొడుతున్నదో గాజు కొలతల్లో పట్టి సమానం చేస్తారు. గవర్నరు ఏ చుట్ల దగ్గర డీజిల్ తగ్గించాలో చార్టు చూసి అమర్చి, మళ్ళీ సీలు వేస్తారు. ఆ కొలతలు కాగితము మీద రాయించుకోండి. చెవితో విని పొలములో చేసే సెట్టింగు దీనికి సాటి రాదు. కొత్తగా వస్తున్న ఎలక్ట్రానిక్ ఇంజన్లలో ఈ స్క్రూలే ఉండవు. డీజిల్ కొలతను కంప్యూటరే చూసుకుంటుంది. పాత పంపులు ఇంకా మన పొలాల్లో తిరుగుతున్నవి గనుక ఇంతగా రాస్తున్నాము.

రెండు ప్రమాదాలు చెప్పకుండా ముగించలేము. బిగించిన పంపులో ర్యాక్ పట్టేసి ఉంటే, స్టార్టు చేయగానే ఇంజను ఆపలేని వేగం అందుకుంటుంది. గనుక ముందు ఆపే లివరు కదులుతున్నదో లేదో చూడాలి. గాలి దారిని మూయడానికి ఒక చెక్క పలక దగ్గర పెట్టుకోవాలి. చేతినీ గుడ్డనూ అడ్డం పెట్టవద్దు. ఇంజను చక్రాల పక్కన పిల్లలను ఉండనీయవద్దు. రెండవది, నాజిలు నుండి డీజిల్ చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోల ఒత్తిడితో వస్తుంది. వేలు అడ్డు పెడితే చర్మంలోకి దూసుకుపోతుంది. సూది గుచ్చినంత గాయమే కనబడినా, నొప్పి లేకపోయినా, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి డీజిల్ లోపలికి పోయిందని చెప్పాలి. ఆలస్యమైతే వేలు పోవచ్చు.

ఆ రోజు పెద్దాయన రెండు స్క్రూలనూ వెనక్కి తెచ్చి తాత్కాలికంగా నిలిపాడు. ఫిల్టరు శుభ్రమై, తీగ సరిగా అందడంతో మిషను పొగ లేకుండా ఒత్తు పైరును కోసింది. కోతలయ్యాక పంపు బెంచీకి వెళ్ళి కొత్త సీలుతో వచ్చింది. మేము అంతగా భయపడిన లెహర్ దారిలోనే బలహీనపడి, 28వ తేదీన మచిలీపట్నం దగ్గర తీరం దాటింది.

ఆ తల్లి వడ్లకు ధర తగ్గింది. కుర్రవాడు కోత డబ్బు పుచ్చుకోలేదు. తగ్గిన ధర మేము ఇవ్వబోతే ఆమె మొదట వద్దన్నది. "తిప్పమని చెప్పింది మేమే అమ్మా" అని చెప్పి ఆమె చేతిలో పెట్టాము.

ఇంటివారికి ఒక్క మాట. మిషను మొదటి ట్యాంకు వడ్లు పట్టా మీద పోయగానే ఒక పిడికెడు తీసి చూడండి. నూకలు, పొట్టు ఊడిన బియ్యము కనబడితే డ్రమ్ము వేగం మించింది, లేదా డ్రమ్ము కింది సందు బిగుసుగా ఉన్నది. వెనుక పడే గడ్డిని కూడా దులపండి. కంకిలో గింజ మిగిలి ఉంటే వేగం చాలలేదు, లేదా సందు ఎక్కువైంది. రెంటిలో ఏది కనబడినా మొహమాటపడక మిషను ఆపించి సరిచేయించుకోండి. పెద్దాయన పొలానికి వచ్చి సరిచేసింది మూడవ రోజున. ఆ తల్లికి ఆ పిడికెడు వడ్లలోనే రెండవ రోజున తెలిసిపోయింది. ఆమె రెండెకరాలూ అప్పటికే కోసేశారు.