గోడకు సున్నము, మాటకు సత్యము

సింగరేణిలో ఉద్యోగము ముగిసినవారు కంపెనీ క్వార్టరును తిరిగి అప్పగించాలి. అది అమ్ముకొనేది కాదు. అయితే గోదావరిఖనిలో కష్టార్జితముతో కట్టుకున్న సొంత ఇల్లు అమ్మి, స్వగ్రామము చేరాలనుకొనేవారు మమ్మును అడుగుతుంటారు: "అయ్యగారూ, మంచి ధర రావాలంటే ఇల్లు ఎట్లా చూపాలె?"

మొదట శుభ్రము చేయండి. ఫ్యాను రెక్కలు, కిటికీ ఊచలపై పేరుకొన్న బొగ్గు దుమ్ము తుడవండి. అక్కరలేని సామాను తీసివేస్తే గది విశాలముగా కనిపిస్తుంది. కారుతున్న నల్లా బాగుచేయించండి. కిటికీలు తెరచి పగటి వెలుతురులో చూపించండి. దస్తావేజులు, ఇంటి పన్ను రసీదులు, ఇ.సి. ఒకచోట ఉంచండి. ఇందులో మోసమేమీ లేదు. చుట్టాలు వస్తే ఇల్లు సర్దుకోమా?

అయితే ఓపెన్‌కాస్టు పేలుళ్లకు అదిరి గోడ బీటవారితే, దానిని సున్నముతో కప్పకండి. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపము అమ్మేవానికి తెలిసియుంటే చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము, 55వ సెక్షను చెప్పుచున్నది. గచ్చుపూత పూసిన గోడ వర్షానికి నిలువదని యెహెజ్కేలు 13వ అధ్యాయము హెచ్చరించుచున్నది.

కొనేవాడు తరచు మనవంటి కార్మికుడే. పి.ఎఫ్. సొమ్ముకు అప్పు కలిపి తెస్తాడు. ఆ గోడ ప్రక్కనే అతని పిల్లలు పడుకొంటారు. బీట చూపించండి, బాగుచేయించండి. లేదా ఆ ఖర్చు ధరలో తగ్గించండి. పదివేలు తగ్గినా, తరువాత అతడు బజారులో ఎదురైనప్పుడు మనము తల దించుకొనవలసిన పని ఉండదు.