చెన్నపట్టణమా, హైదరాబాదా?

నెల్లూరు, చిత్తూరు మండలముల గృహస్థులకు కుమారుని యుద్యోగము కుదురు సమయమున నొక ప్రశ్న యెదురగుచున్నది: కాపురము చెన్నపట్టణమునందా, హైదరాబాదునందా? ఏ నగరమున ఖర్చు తక్కువ? ప్రత్యుత్తరముగా ప్రభుత్వపు ధరల సూచికను చూపువారు పెక్కండ్రు గలరు. ఇది పొరపాటు. కార్మికశాఖవారు 2020లో ప్రారంభించిన సూచిక, 2016 నాటి ధరలను 100గా గైకొని, 88 కేంద్రములలో ఒక్కొక్కచోట అవి యెంత పెరిగినవో చెప్పును. అంకె హెచ్చైన నగరమున ధరలు వేగముగా పెరిగినవని యర్థమే గాని, ఆ నగరము ప్రియమైనదని కాదు. మొదటినుండియు ప్రియమైన నగరము నెమ్మదిగా పెరిగినచో సూచికలో చవుకగా కానవచ్చును!

బియ్యము, పప్పుల వెలలో గొప్ప భేదము లేదు. చూడవలసినది నీరు, ప్రయాణము, అద్దె.

రెండు నగరములును కృష్ణాజలమును త్రాగుచున్నవి. హైదరాబాదునకు నాగార్జునసాగరమునుండి నూరు కిలోమీటర్లకు పైగా గొట్టములలో వచ్చుచున్నది. చెన్నపట్టణమునకు 1983 నాటి యొడంబడిక ననుసరించి తెలుగుగంగ కాలువలో, కండలేరు మీదుగా, 1996 మొదలు పూండి చెరువునకు చేరినది. (1953లో పట్టణమును వదలుకొంటిమి, నీటిని మాత్రము వదలుచునే యున్నాము. త్రాగునీరు కాదనుట ధర్మము కాదు గనుక దీనికి మేము చింతింపము.) అయినను 2019 వేసవిలో పూండి, చెంబరంబాకము చెరువులు వట్టిపోగా, జోలార్‌పేటనుండి రైలుబండిమీద నీరు తెప్పించుకొనవలసివచ్చెను. హైదరాబాదువా రిది చూచి గర్వింపనక్కరలేదు. అచట నెలకు 20,000 లీటర్ల వరకు నీరుచితమను పథకము 2021 జనవరిలో ప్రారంభమైనది. కాని 2024 వేసవిలో పడమటి పేటల అపార్టుమెంట్లు ట్యాంకర్లకై పడిగాపులు గాచినవి. కుళాయి రాని యింటికి ఉచితమన నేమి? ట్యాంకరు ఖర్చు అద్దెచీటిలో నుండదు, నెలాఖరున తెలియును.

ప్రయాణమున చెన్నపట్టణమునకే మేము మొగ్గుచున్నాము. బీచి స్టేషనునుండి తాంబరమునకు 1931లోనే విద్యుత్తు రైలు నడచినది. తాంబరమున తక్కువ అద్దెకు కాపురముండి, స్వల్పఖర్చుతో కచ్చేరికి పోవుట ఆ పట్టణపు చిరుద్యోగికి మూడుతరముల యలవాటు. హైదరాబాదున ఎం.ఎం.టి.ఎస్. 2003లో వచ్చినది, మెట్రో 2017లో ఆరంభమై 2019లో రాయదుర్గముదాక పోయినది. గచ్చిబౌలి దానికావలనే యున్నది. కావున అచట ఉద్యోగి మొదట కొనునది మోటారుసైకిలు. 2024లో పెట్రోలు లీటరునకు చెన్నపట్టణమునకంటె హైదరాబాదున ఆరు రూపాయలకు పైగా హెచ్చు. దారిలో గడచు గంటల వెల యెవ్వరును గట్టలేదు.

అద్దె సంగతి వేరు. చెన్నపట్టణమున పదినెలల యద్దె ముందుగా నడుగుట పాత యాచారము. వేరొప్పందము లేనిచో మూడునెలలకు మించరాదని 2017 నాటి తమిళనాటి చట్టము. ఆ వేరొప్పందమను మాటలోనే యజమానునికి దారి యున్నది! హైదరాబాదున సామాన్యముగా రెండుమూడు నెలలతో సరి. ఊరినుండి తండ్రి ధాన్యమమ్మి పంపు సొమ్ములో నీ భేదము స్వల్పము కాదు.

ఏ నగరమైనను, ఇల్లు చూడబోవువారు సంక్రాంతికి పోక మే నెలలో పోవుట మంచిది. కుళాయి త్రిప్పి చూచి, పిదప అద్దె మాటలాడవలయును.