ఆర్సీలో పేరు మారితే సరిపోదు

నరసరావుపేటలోనో మిర్యాలగూడలోనో సెకండ్‌ హ్యాండ్‌ కారు కొనేవాళ్లు నమ్మకమైన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్తారు. ఆయన బానెట్‌ ఎత్తి ఇంజిన్‌ శబ్దం వింటాడు. డోరు అంచున రబ్బరు లాగి, గుద్దుకున్న బండేమోనని లోపలి రేకు చూస్తాడు. టైర్లు, క్లచ్‌ అయ్యాక ఆర్సీ, ఇన్సూరెన్స్‌ తిరగేస్తారు. ఫైనాన్స్‌ ఉంటే ఎన్‌వోసీ అడుగుతారు. డ్యాష్‌బోర్డు మధ్యలో వెలిగే తెర జోలికి మాత్రం ఎవరూ పోరు. ‘నావిగేషన్‌ ఉందండీ, టాప్‌ ఎండ్‌ మోడల్‌’ అని కన్సల్టెన్సీ వాళ్లు రేటు ఇంకొంచెం పెంచినప్పుడే దాని ఊసు వస్తుంది.

ఆ పెంచిన డబ్బుకు ఏం వస్తోందో తెలియాలంటే మ్యాప్‌ తెరిచి సొంత ఊరే వెతికి చూడాలి. 2015 నాటి కారులో మ్యాప్‌ను ఎవరూ అప్‌డేట్‌ చేయించకపోతే దానికి తెలిసిన తెలంగాణలో ఇంకా 10 జిల్లాలే. నరసరావుపేట గుంటూరు జిల్లాలోనే ఉంటుంది, ఎందుకంటే పల్నాడు జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్‌ 4న. జిల్లా పేరు పాతదైనా ప్రయాణం ఆగదు, దారి పాతదైతేనే చిక్కు. విజయవాడ కనకదుర్గ ఫ్లైఓవర్‌ మీద రాకపోకలు 2020 అక్టోబరులో మొదలయ్యాయి. అంతకు ముందటి మ్యాప్‌ అయితే, కారు ఫ్లైఓవర్‌ ఎక్కినా తెర మీది బాణం కింది రోడ్డునే పట్టుకుని పోతుంటుంది.

తెర మీది తేదీ కూడా చూడాలి. జీపీఎస్‌లో వారాల లెక్క 1024కు చేరగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 2019 ఏప్రిల్‌ 6న అలా జరిగింది. దాన్ని సర్దుకోలేని పాత రిసీవర్లు దాదాపు ఇరవై ఏళ్ల వెనకటి తేదీ చూపిస్తాయి. కొన్ని మోడళ్లలో మ్యాప్‌ మొత్తం ఒక ఎస్‌డీ కార్డులో ఉంటుంది. ఆ స్లాట్‌ ఖాళీగా ఉంటే నావిగేషన్‌ బటన్‌ ఉన్నా లేనట్టే. షెవర్లే 2017లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్‌ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. ఇలాంటి బండ్లకు కొత్త మ్యాప్‌ దొరుకుతుందా అన్నది అడ్వాన్స్‌ ఇవ్వకముందే కనుక్కోవాలి. ఫోన్‌ను తెరకు కలిపి గూగుల్‌ మ్యాప్స్‌ వాడుకునే వీలుంటే పాత మ్యాప్‌కు అదనంగా రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదు. దోర్నాల దాటి నల్లమల ఘాట్‌ ఎక్కేవాళ్లు మాత్రం మ్యాప్‌ను ముందే ఫోన్‌లో డౌన్‌లోడ్‌ చేసుకోవాలి. అడవిలో నెట్‌వర్క్‌ పోయినా ఉపగ్రహ సంకేతం అందుతూనే ఉంటుంది.

పాత మ్యాప్‌తో పోయేది కొంత డబ్బు, కొంత పెట్రోలు. అంతకంటే పెద్ద ప్రమాదం కొత్త తరహా కార్లలో ఉంది.

2019లో వచ్చిన ఎంజీ హెక్టర్‌, హ్యుందాయ్‌ వెన్యూ లాంటి కార్లతో మన దేశంలో బండిలోనే సిమ్‌ ఉండే పద్ధతి మధ్యతరగతి దాకా వచ్చింది. ఆ నాటి బండ్లు ఇప్పుడు చిన్న పట్టణాల కన్సల్టెన్సీలకు చేరుతున్నాయి. జీపీఎస్‌ రిసీవర్‌ ఉపగ్రహాల నుంచి సంకేతాలు అందుకుంటుందే తప్ప తిరిగి ఏమీ పంపదు. బండి ఎక్కడుందో కంపెనీ సర్వర్‌కు చేరవేసేది ఆ సిమ్‌. అక్కడి నుంచి అది యజమాని ఫోన్‌లోని యాప్‌కు వస్తుంది. మోడల్‌ను బట్టి ఆ యాప్‌తోనే డోర్లు తీయొచ్చు, ఏసీ వేయొచ్చు. ఆర్టీవో ఆఫీసులో ఆర్సీ మీద పేరు మారినంత మాత్రాన సర్వర్‌లో ఖాతా మారదు. మొదటి యజమాని ఖాతాలోంచి బండిని తీసేయకపోతే, అది ఏ ఊళ్లో ఏ ఇంటి ముందు ఆగి ఉందో ఆయన ఫోన్‌లో కనిపిస్తూనే ఉండొచ్చు.

ఇది ఊహ కాదు. అప్పట్లో ఐబీఎంలో సైబర్‌ భద్రతా నిపుణుడిగా ఉన్న చార్లెస్‌ హెండర్సన్‌ తాను అమ్మేసిన కారు గురించి 2017లో బయటపెట్టిన సంగతి ఇదే. అమ్మేముందు కారులోని తన వివరాలన్నీ ఆయన చెరిపేశారు. అయినా ఏళ్ల తర్వాత కూడా యాప్‌లో ఆ కారు ఎక్కడుందో కనిపిస్తూనే ఉంది, డోర్లు తీసే వీలూ ఉంది. భద్రతే వృత్తిగా ఉన్న మనిషికే ఇలా జరిగితే, తెర మీద ‘రీసెట్‌’ నొక్కి పని అయిపోయిందనుకునే మామూలు మనుషుల మాటేమిటి? చిన్న ఊళ్లో అమ్మిన మనిషి రెండు వీధుల అవతలే ఉంటాడు. ఒంటరిగా కారు నడుపుకుంటూ రాత్రి డ్యూటీకి వెళ్లే నర్సు ఎప్పుడు బయల్దేరిందో, ఎక్కడ ఆగిందో పరాయి మనిషికి తెలియడం చిన్న విషయం కాదు. అమ్మినవాళ్లకూ ముప్పు ఉంది. తెర మీద ‘హోమ్‌’ నొక్కితే వాళ్ల ఇంటికి దారి వస్తుంది. బ్లూటూత్‌లో వాళ్ల ఫోన్‌ నంబర్ల జాబితా అలాగే ఉండిపోతుంది.

పేరు మార్పించుకోవడం ఎంత అవసరమో జనానికి కోర్టు తీర్పులు నేర్పాయి. బండి అమ్మేసినా ఆర్సీలో పేరున్నవారే ప్రమాద పరిహారానికి బాధ్యులని 2018లో నవీన్‌ కుమార్‌ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆర్సీ, ఇన్సూరెన్స్‌ పత్రాలు అప్పగించామని అమ్మేవారు ఫారం 29లో రాసి సంతకం పెడతారు. బండిలోని సమాచారం చెరిపేశామని, యాప్‌ ఖాతాలోంచి బండిని తొలగించామని ఆ ఫారంలోనే ఇంకో వాక్యం ఉండాలి. 2023 ఏప్రిల్‌ నుంచి అధీకృత డీలర్లకు బండి అప్పగించేటప్పుడు ఇచ్చే ఫారం 29సీ లోనూ అది రావాలి. కేంద్ర మోటారు వాహన నిబంధనలను సవరిస్తే అయ్యే పని ఇది. కంపెనీలు కూడా కొత్త ఆర్సీ చూపించగానే పాత ఖాతాను తెంచేయాలి. దానికి పాత యజమాని దయ కోసం ఎదురుచూసే పరిస్థితి ఉండకూడదు.

అంతవరకూ కన్సల్టెన్సీలు ఈ పనిని టేబుల్‌ దగ్గరే చేయించవచ్చు. అమ్మేవారు తమ ఫోన్‌ తీసి, కొనేవారు చూస్తుండగానే యాప్‌లోంచి బండిని తొలగించాలి. కొత్త యజమాని నంబరుకు ఓటీపీ వచ్చి, వారి పేరున ఖాతా తెరుచుకోవాలి. మిగతా డబ్బు ఆ తర్వాతే ఇవ్వాలి.