దిగడం కూడా విద్యే, బావగారూ!

మా బావగారు ఈ పత్రికని అట్ట నుంచి అట్ట దాకా చదువుతారు. అందుకే మొహాన అనలేకపోయిన నాలుగు మాటలూ ఇక్కడ రాస్తున్నాను. ఇంటి గుట్టు వీధిన పెట్టిందంటారేమో, అననివ్వండి!

మా అక్క కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ దగ్గరని భవానీపురంలో మా ఇంట్లోనే ఉంటోంది. మొన్న ఆదివారం కూతుర్ని చూడ్డానికొచ్చిన బావగారికి, రాత్రి పదింటికి ఆ పిల్ల కంప్యూటరులో రోదసీ నౌకని భూమికి దింపుతూ కనిపించింది. "వందసార్లు దింపితే జేఈఈలో మార్కులేస్తారా? అయినా ఆడపిల్లకి ఈ ఆటలేమిటమ్మా?" అంటూ వైరు పీకి సంచీలో వేసుకుని, పొద్దున్నే బస్సెక్కేశారు.

నేను బి.ఏ. చదివినదాన్ని. ఫిజిక్సంటే ఆమడ దూరం. అయినా ఆ 'ఆట' ఏమిటో పక్కన కూర్చుని చూశాను. దాని పేరు ఆర్బిటర్. మార్టిన్ ష్వైగర్ అనే ఆయన 2000లో ఉచితంగా లోకానికిచ్చాడు. అందులో తుపాకులు లేవు, శత్రువులు లేరు. ఉన్నదల్లా భూమీ, గాలీ, వేగమూ.

వేగమంటే ఎంతనుకున్నారు? సెకనుకి దాదాపు 7.8 కిలోమీటర్లు. బెజవాడ నుంచి గుంటూరికి అయిదు సెకన్లు! స్పేస్ షటిల్ దిగాలంటే, దిగే చోటికి భూగోళంలో ఇంచుమించు అవతలి వైపున ఉండగానే ఆ వేగంలో వంద మీటర్ల లోపు తగ్గించాలి. ఆ తరవాత ఇంజన్లుండవు. ముక్కు 40 డిగ్రీలు పైకెత్తి గాలిలోకి వస్తుంది. ముందున్న గాలి నలిగి నిప్పులా కాగుతుంది. మరీ నిటారుగా వస్తే మాడిపోతుంది. మరీ ఏటవాలైతే, పున్నమి ఘాట్‌లో పిల్లలు విసిరే పెంకు నీళ్ళమీద గంతులేసినట్టు మళ్ళీ పైకి లేస్తుంది. అలా లేవకుండా నౌకని పక్కకి వాల్చాలి. వాలిస్తే దారి తప్పుతుంది కనక కాసేపటికి రెండో పక్కకి. పాము మెలికల్లా అన్నమాట. పిల్ల ఇరవై రెండుసార్లు అట్లాంటిక్ సముద్రంలో పడేసింది, ప్రతిసారీ ఎక్కడ తప్పిందో నోటుబుక్కులో రాసుకుంది. ఇరవై మూడోసారి ఫ్లోరిడా రన్‌వే మీద దింపింది. మీ కోచింగు సెంటర్లో ఇరవై రెండుసార్లు తప్పడానికి ఎవరు ఒప్పుకుంటారు, చెప్పండి?

ఇక 'ఆడపిల్లకెందుకు' సంగతి. 2008 ఏప్రిల్ 19న సోయజ్ నౌక ఒకటి వెనక భాగం సరిగ్గా విడిపోక, చేరవలసిన చోటికి 400 కిలోమీటర్లకు పైగా ఇవతల పడింది. లోపలివాళ్ళ ఒంటి బరువు ఎనిమిదింతలైంది. ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు, అమెరికా పెగ్గీ విట్సన్, కొరియా యి సో యెన్. అప్పటి రష్యా రోదసీ సంస్థ పెద్ద పెర్మినోవ్ ఏమన్నాడో తెలుసా? నౌకలో ఆడవాళ్ళు ఎక్కువైతే అపశకునమని తమ దేశంలో అంటారని, ముందు ముందు మగవాళ్ళని మించకుండా చూస్తామని! ఊడని బోల్టుకి ఆడేమిటి, మగేమిటి? చదువుకున్న పెద్దమనిషి మాట అది. మా బావగారొక్కరే అనుకున్నాను సుమండీ!

అలాగని సిమ్యులేటరుకి హారతి పట్టడం లేదు. 2014 అక్టోబరు 31న వర్జిన్ గెలాక్టిక్ వారి నౌకలో కో-పైలట్ తోక గొళ్ళెం ముందుగా తీశాడు. నౌక ముక్కలై ఆయన పోయాడు. అసలు ప్రయాణంలో ఉండే కుదుపూ, బరువూ వాళ్ళ సిమ్యులేటర్లో లేవని అమెరికా విచారణ సంఘం తప్పుపట్టింది. మా పిల్ల కుర్చీకీ కుదుపు లేదు, ఒప్పుకుంటాను. అయినా ఆ సంస్థ తరవాతి నౌకలోనేగా, 2021 జులై 11న మన గుంటూరు మూలాలున్న శిరీష బండ్ల పైకెళ్ళి దిగివచ్చింది! ఆవేళ ఆ వార్త ఫోన్లో అందరికీ పంపినవారు ఎవరండీ బావగారూ? మనవాళ్ళ అమ్మాయి అని పొంగిపోయినవారు?

ఇదంతా పరాయి దేశాల గొడవంటారేమో. 2007 జనవరిలో శ్రీహరికోట నుంచి వెళ్ళిన 550 కిలోల మన గుళిక పన్నెండు రోజులు తిరిగి, 22న మన బంగాళాఖాతంలోనే క్షేమంగా పడింది. మనం తిరిగే సముద్రమే.

మీ సంచీలోకి వెళ్ళిన వైరు మీ దగ్గరే ఉంచుకోండి. గవర్నరుపేటలో కొత్తది కొన్నాను. పిల్ల ఈ రాత్రి ఎదురుగాలి పెట్టి దింపుతానంటోంది. పెసరట్టు వేసిస్తానన్నాను.